ఇంట్లో వండి అమ్మాలనుకునేవారు ఏ పని ముందు చేయాలి, ఏది తరువాత

కర్నూలులో పొద్దువాలేసరికి జొన్నరొట్టెలు తట్టి అమ్మే ఇల్లు, అనంతపురంలో బుడ్డల (వేరుశనగల) పొడి, నిప్పట్లు (చెక్కలు) చేసి తెలిసినవారికి పంపే ఇల్లు, ప్రొద్దుటూరులో పెళ్ళిళ్ళకు ఓళిగలు (బొబ్బట్లు) ఒప్పుకునే ఇల్లు మనకు కొత్తవేమీ కావు. అయితే ఈ ఇళ్ళలో చాలావాటికి తాము చేస్తున్నది చట్టం దృష్టిలో ఆహార వ్యాపారమన్న సంగతి తెలియదు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం లాభం కోసం చేసినా, లాభం ఆశించకుండా చేసినా దానిని ఆహార వ్యాపారంగానే లెక్కిస్తుంది. ఇంటి వంటగది కదా అని మినహాయింపు ఇవ్వదు. చిన్నవారికి లైసెన్సుకు బదులు తేలికైన రిజిస్ట్రేషన్ పద్ధతిని పెట్టిందే తప్ప, అసలు ఏదీ అక్కరలేదని ఎక్కడా చెప్పలేదు. కాగితాల పని నిజానికి సులువైనదే. కష్టమంతా మీరు ప్యాకెట్ మీద ఏం రాశారో, లోపల ఉన్నది దానికి సరిపోతుందో లేదో చూసుకోవడంలోనే ఉంది. కనుక ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దానికే ఇచ్చాను.

మొదట ఏం అమ్ముతారో తేల్చుకోండి

దరఖాస్తు ఫారం తెరవడానికి ముందే ఈ ఒక్క ప్రశ్నకు జవాబు ఉండాలి, ఎందుకంటే మీరు ఎంచుకున్న పదార్థాన్ని బట్టే మిగిలిన నియమాలన్నీ మారిపోతాయి. ఇంట్లో చేసే వాటిని నేను మూడు రకాలుగా చూస్తాను.

తేమ లేని పదార్థాలు మొదటి రకం. చట్నీ పొడులు, నువ్వుల పొడి, బుడ్డల ఉండలు, నిప్పట్లు, చక్కిలాలు ఇందులోకి వస్తాయి. వీటిలో సూక్ష్మజీవులు పెరగడానికి కావలసినంత నీరు ఉండదు కనుక ఇవి త్వరగా పాడుకావు. వీటికి అసలు శత్రువు నూనె వాసన మారడం, అంటే పాతబడి చెడు వాసన రావడం. గాలి, వెలుతురు, వేడి కలిస్తే అది తొందరగా వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్ళలో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు, జనవరిలో రెండు నెలలు నిలిచిన పొడి అన్ని రోజులు నిలవదని గుర్తుంచుకుని తేదీలు వేయాలి.

రెండవ రకం ఊరగాయలు. వీటిని ఉప్పు, పులుపు, నూనె కలిసి కాపాడతాయి. వీటికి ప్రత్యేకంగా ప్రమాణాలు ఉన్నాయి. 2011 ఆహార ఉత్పత్తుల ప్రమాణాల నిబంధనల ప్రకారం నూనె ఊరగాయలో కాయ లేదా కూరగాయ ముక్కల వడకట్టిన బరువు మొత్తంలో 60 శాతానికి తగ్గకూడదు, నూనె పొర ముక్కల మీద కనీసం అర సెంటీమీటరు తేలాలి లేదా మొత్తం బరువులో నూనె 10 శాతం ఉండాలి. ఉప్పునీటిలో ఊరవేసిన వాటిలో ఉప్పు 12 శాతానికి తగ్గకూడదు. ‘ఆరోగ్యం కోసం ఉప్పు తగ్గించాం, నూనె తగ్గించాం’ అని చెప్పుకుంటూ అమ్మేవారు ముందుగా ఈ అంకెలు చూసుకోవాలి, ఎందుకంటే అక్కడ తగ్గించింది రుచిని మాత్రమే కాదు, ఊరగాయను నిలబెట్టే గుణాన్ని కూడా.

మూడవ రకం తేమగా ఉండే వంటలు. ఉగ్గాని, కారందోసె, సంగటి, కూరలు, ఓళిగలు, పాలతో చేసిన మిఠాయిలు ఇందులోకి వస్తాయి. ఇవి చేసిన రోజే అమ్ముడుపోవాలి. వండిన పదార్థం వేడిగా ఇస్తే 60 డిగ్రీలకు పైన, చల్లగా ఉంచితే 5 డిగ్రీలకు లోపల ఉంచాలన్నది పాటించవలసిన సూత్రం. ఈ రెండింటి నడుమ గంటల తరబడి ఉంచిన అన్నం, కూర చూడటానికి బాగానే ఉంటాయి, వాసన కూడా రాదు, కానీ జబ్బు చేస్తాయి. అన్నంలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి వదిలే విషం మళ్ళీ వేడి చేసినా పోదు. మధ్యాహ్నం క్యారియర్లు పంపాలనుకునేవారు ఉదయం ఆరు గంటలకే వండి మూతపెట్టే అలవాటును మానుకోవడం అన్నిటికన్నా ముందు చేయవలసిన పని.

మొదటిసారి మొదలుపెట్టేవారికి నా సలహా ఏమిటంటే, మొదటి రకంలో రెండు మూడు పదార్థాలతోనే ఆగండి. నాటుకోడి ఊరగాయ, మటన్ ఊరగాయ వంటివాటికి గిరాకీ ఎంత ఉన్నా వాటిని మొదటి ఏడాదిలో ముట్టుకోకపోవడం మేలు. మాంసం లోపలి దాకా ఉడకడం, తడి పూర్తిగా పోవడం, పులుపు లోపలికి పట్టడం ఇంటి పొయ్యి మీద ప్రతిసారీ ఒకేలా సాధించడం చాలా కష్టం.

రిజిస్ట్రేషన్

2011 లైసెన్సింగ్, రిజిస్ట్రేషన్ నిబంధనలు ఏడాది అమ్మకాలు 12 లక్షల రూపాయలు మించనివారిని చిన్న ఆహార వ్యాపారులుగా గుర్తించి, వారికి లైసెన్సుకు బదులు రిజిస్ట్రేషన్ చాలని చెప్పాయి. పాలు, మాంసం కాని పదార్థాల తయారీ రోజుకు 100 కిలోలు లేదా లీటర్లకు మించకూడదన్న మాట కూడా అందులోనే ఉంది. రుసుము ఏడాదికి 100 రూపాయలుగా అవే నిబంధనలు నిర్ణయించాయి. ఈ పరిమితులను, రుసుములను కేంద్రం అప్పుడప్పుడు సవరిస్తుంది కనుక, మీరు దరఖాస్తు చేసే రోజు పోర్టల్‌లో కనిపించే అంకెనే ప్రమాణంగా తీసుకోండి.

ఆ పోర్టల్ పేరు ఫాస్కాస్. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) నడిపే ఈ పోర్టల్‌లో రాష్ట్రాన్ని, ఆ తరువాత వ్యాపార రకాన్ని ఎంచుకుంటే ఫారం-ఏ వస్తుంది. వ్యాపార రకం దగ్గర తొందరపడకండి. పొడులు, ఊరగాయలు చేసి ప్యాకెట్లలో అమ్మేవారు తయారీదారు కిందికి వస్తారు, రోజువారీ భోజనం పంపేవారికి ఇంటి క్యాంటీన్, డబ్బావాలా అన్న విభాగం వేరుగా ఉంది. రెండూ చేస్తే రెండూ పేర్కొనాలి. ఫోటో, ఆధార్ వంటి గుర్తింపు పత్రం, వంటగది ఉన్న చిరునామాకు ఆధారం సిద్ధంగా ఉంచుకోండి. అద్దె ఇంట్లో ఉంటే ఇంటి యజమానితో రాసుకున్న ఒప్పందం పనికివస్తుంది, ఆయనకు ముందే ఒక మాట చెప్పి ఉంచడం ఇంకా మంచిది.

జిల్లా పేరు దగ్గర మనవాళ్ళు తరచుగా పొరపడతారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక నంద్యాల వేరే జిల్లా అయింది, హిందూపురం, ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళాయి. ఆధార్‌లో పాత జిల్లా పేరే ఉండి, ఫారంలో కొత్త జిల్లా ఎంచుకున్నప్పుడు ప్రశ్న రావచ్చు కనుక, కరెంటు బిల్లు వంటి ఇటీవలి కాగితం ఒకటి జత చేయడం మంచిది.

దరఖాస్తు అందిన 7 రోజుల్లో అధికారి రిజిస్ట్రేషన్ ఇవ్వాలి, లేదా కారణం రాసి తిరస్కరించాలి, లేదా తనిఖీకి వస్తామని నోటీసు పంపాలి. ఆ 7 రోజుల్లో ఈ మూడింటిలో ఏదీ జరగకపోయినా, తనిఖీ అన్నాక 30 రోజుల్లో ఏ నిర్ణయమూ తెలియజేయకపోయినా వ్యాపారం మొదలుపెట్టుకోవచ్చని నిబంధనల్లోనే ఉంది. కనుక దరఖాస్తు రసీదును జాగ్రత్త చేయండి. వంద రూపాయల పనికి వేలల్లో అడిగే మధ్యవర్తులు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఫోనులో రైలు టికెట్టు తీయగలిగినవారు ఈ ఫారం కూడా నింపగలరు.

వచ్చిన 14 అంకెల సంఖ్య ఆ ఇంటి చిరునామాతో ముడిపడి ఉంటుంది. ఇల్లు మారితే కొత్త చిరునామాకు మళ్ళీ తీసుకోవాలి. ధ్రువపత్రాన్ని వంటగదిలో కనిపించేలా పెట్టాలి, 2022 జనవరి 1 నుంచి ఈ సంఖ్యను బిల్లుల మీద కూడా వేయాలి. చేతిరాత బిల్లు పుస్తకమైతే ఒక రబ్బరు స్టాంపు చేయించుకుంటే సరిపోతుంది.

నీళ్ళ సంగతి

చిన్న వ్యాపారులు పాటించవలసిన శుభ్రత నియమాలు అవే నిబంధనల నాలుగవ షెడ్యూలు మొదటి భాగంలో ఉన్నాయి. గోడలు, నేల కడగడానికి వీలుగా ఉండటం, కిటికీలకు జాలీ, పచ్చి సరుకును వండిన దానికి దూరంగా ఉంచడం, అంటువ్యాధి ఉన్నవారు వంట చేయకపోవడం వంటివి చాలామంది ఎలాగూ పాటించేవే. కానీ తాగడానికి తగిన నీరే వాడాలన్న నియమం మన ప్రాంతంలో అందరూ అనుకునేంత తేలిక కాదు.

అనంతపురం జిల్లా భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంటుందన్నది దశాబ్దాలుగా తెలిసిన విషయం. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన కొలతలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము ఉంటే సరైన నీరు, వేరే దారి లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటారు. బోరు నీటిని కాచితే సూక్ష్మజీవులు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, పైగా నీరు ఇగిరే కొద్దీ దాని మోతాదు పెరుగుతుంది. కనుక బోరు నీళ్ళు వాడే ఇంట్లో మొదలుపెట్టే ముందు ఒకసారి, ఆ తరువాత ఎండాకాలంలో నీటిమట్టం దిగినప్పుడు ఒకసారి పరీక్ష చేయించి, ఆ కాగితాన్ని ఫైలులో పెట్టండి. రిజిస్ట్రేషన్ స్థాయిలో ఈ కాగితం ఎవరూ అడగకపోవచ్చు, కానీ రేపు లైసెన్సుకు ఎదిగినప్పుడు నీటి పరీక్ష నివేదిక తప్పనిసరి అవుతుంది. క్యాన్ నీళ్ళు కొనేవారు ఆ క్యాన్ ఎప్పుడు కడిగారో కూడా చూసుకోవాలి. ప్లాంటులో నీరు శుభ్రంగానే ఉండి, క్యాన్ అడుగున పచ్చని నాచు ఉన్న సందర్భాలు నేను చూశాను.

వంటగదిలో చిన్న మార్పు ఒకటి చేసుకోండి. ఇంటి వంటకు, అమ్మకం వంటకు సమయాలు వేరుచేయండి. ఉదయం ఇంట్లోవారి వంట ముగించి, బండ తుడిచి, గిన్నెలు మార్చి, ఆ తరువాతే అమ్మకానికి చేసేది మొదలుపెట్టడం మంచిది. వెల్లుల్లి కారం తయారైన మిక్సీ గిన్నెలో ఓళిగల పూర్ణం రుబ్బితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

సరుకు కొనే దగ్గర

మన పొడులన్నిటికీ ఆధారం బుడ్డలే కనుక ముందు వాటి గురించి చెప్పాలి. తేమ తగిలిన బుడ్డల మీద పెరిగే ఒక బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. ఇది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వేయించినా పూర్తిగా పోదు. దీనికి చట్టంలో పరిమితి ఉంది, నమూనా తీసినప్పుడు దీనికోసం పరీక్షిస్తారు. ఇంట్లో దీనిని కొలవలేము గానీ అడ్డుకోవచ్చు. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, నల్లబడినవి, నోట్లో వేసుకుంటే చేదు తగిలేవి ఏరి పారేయాలి. పారేయడమంటే పారేయడమే, వాటిని కారం ఎక్కువ వేసే పొడిలోకి మళ్ళించకూడదు. వానాకాలంలో బస్తాను నేలమీద, గోడకు ఆనించి పెట్టకుండా చెక్క పలక మీద ఉంచాలి. ఎండుమిరపకాయలకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

మిరపపొడిలో, పసుపులో, ఏ మసాలా పొడిలోనూ రంగు కలపకూడదు. ఊరగాయకు ఎరుపు రావాలంటే మంచి మిరపకాయను వెతుక్కోవాలి, సీసాలోని రంగును కాదు. మిఠాయిలకు కొన్ని అనుమతించిన రంగులు ఉన్నా వాటికి మోతాదు పరిమితి ఉంది. విడిగా పొట్లం కట్టి అమ్మే పసుపు, ఎరుపు రంగుల్లో అవే ఉంటాయన్న భరోసా లేదు కనుక వాటిని ఇంట్లోకి తేకపోవడమే మంచిది.

వేయించే నూనె గురించి 2018 జూలై 1 నుంచి ఒక నియమం అమలులో ఉంది. పదేపదే కాగడం వల్ల నూనెలో చేరే చెడు పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనెను వాడకూడదు. ఈ శాతాన్ని కొలిచే పరికరం మన దగ్గర ఉండదు, కానీ నూనె నల్లబడటం, చిక్కబడటం, నురగ రావడం, తక్కువ మంటకే పొగ రావడం దాని గుర్తులు. పాత నూనెలో కొత్త నూనె పోసి పలచన చేస్తే నూనె బాగుపడదు, కొత్తది కూడా పాడవుతుంది.

ప్యాకింగ్, దాని మీద రాత

ముందుగా న్యూస్‌పేపరు. బజ్జీలు, నిప్పట్లు న్యూస్‌పేపరులో చుట్టి ఇవ్వడం మనకు ఎంత అలవాటైనా, 2018 ప్యాకేజింగ్ నిబంధనలు దానిని నిషేధించాయి. అచ్చు సిరాలోని రసాయనాలు వేడికీ నూనెకూ కరిగి తిండిలోకి దిగుతాయి. ఆహారానికి తగినదని రాసి ఉన్న కవర్లు, డబ్బాలే వాడాలి. ఊరగాయకు గాజు సీసా మంచిదే గానీ, ఆర్టీసీ కార్గోలో పంపేటప్పుడు పగలకుండా చుట్టడానికయ్యే ఖర్చును ధరలో కలుపుకోవాలి.

ఇక స్టిక్కర్. 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం దాని మీద తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గానీ, దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉండాలి. తెలుగు అదనంగా వేసుకోవచ్చు, తెలుగు ఒక్కటే చాలదు. ఈ మాట తెలియక నేను మొదట కొట్టించిన 500 స్టిక్కర్లు పూర్తిగా తెలుగులోనే ఉన్నాయి, ఆ కాగితాల వెనుక ఇప్పటికీ సరుకుల చీటీలు రాసుకుంటున్నాను. మన కొనుగోలుదారులకు తెలుగు కావాలి, చట్టానికి ఇంగ్లీషు కావాలి కనుక రెండూ వేయండి. ఇంగ్లీషులో అక్షరదోషాలు లేకుండా చదువుకున్న పిల్లల చేత ఒకసారి చూపించుకోండి.

స్టిక్కర్ మీద పదార్థం పేరు, వాడిన దినుసులు, శాకాహార గుర్తు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తుతో పాటు 14 అంకెల సంఖ్య, తయారుచేసినవారి పేరు, పూర్తి చిరునామా, నికర బరువు, బ్యాచ్ సంఖ్య, తయారీ తేదీ, వాడవలసిన చివరి తేదీ ఉండాలి. పోషకాల పట్టిక ఏ పదార్థానికి తప్పనిసరో, దేనికి మినహాయింపో అవే నిబంధనల్లో చూసుకుని, అవసరమైతే ప్రయోగశాలలో చేయించాలి. ఎదురుగా వేడివేడిగా చేసి చేతికిచ్చే రొట్టెలకు, దోసెలకు ఈ స్టిక్కర్ బాధ ఉండదు. ముందే కట్టి ఉంచిన ప్యాకెట్టుకే ఇది వర్తిస్తుంది.

దినుసులను బరువులో ఎక్కువ ఉన్నదానితో మొదలుపెట్టి, తగ్గే వరుసలో రాయాలి. దీనికోసం మీరు చేసే పదార్థాన్ని ఒకసారి ‘గుప్పెడు, చారెడు’ లెక్క నుంచి గ్రాముల్లోకి మార్చాలి. మా ఇంట్లో ఈ పని చేయడానికి ఒక ఆదివారం పట్టింది, అమ్మ చేతి కొలతను కాటా మీద పెట్టిన ప్రతిసారీ ఒక్కో అంకె వచ్చింది. అయినా చేసితీరాలి, ఎందుకంటే ప్రతి బ్యాచ్ ఒకేలా వస్తేనే మీరు వేసిన తేదీకి అర్థం ఉంటుంది. నూనె దగ్గర ‘వంటనూనె’ అని ఊరుకోకుండా బుడ్డల నూనె, పొద్దుతిరుగుడు నూనె అంటూ దాని పేరు రాయాలి. ధర పెరిగినప్పుడు నూనె మార్చేవారు స్టిక్కర్ కూడా మార్చాలి. ఇంట్లో చేసేవారు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే.

కొందరికి పడని పదార్థాలు ఉంటే వాటిని విడిగా పేర్కొనాలి. వేరుశనగ, జీడిపప్పు వంటి గింజలు, పాలు, గుడ్డు, చేప, సోయా, గోధుమ వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. రాయలసీమ వంటలో బుడ్డలు లేని పొడి అరుదు. బుడ్డలు వేయని పొడినైనా అవే గిన్నెల్లో చేస్తుంటే ఆ సంగతి కూడా రాయడం న్యాయం.

శాకాహారానికి ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమరంగు చదరంలో అదే రంగు త్రిభుజం వేయాలి. గుడ్డు వేసిన కేకులు చేసేవారు గమనించవలసినది ఏమిటంటే, చట్టం లెక్కలో గుడ్డు మాంసాహారమే.

చివరి తేదీని ఊహించి వేయకండి. మొదటి బ్యాచ్ నుంచి ఆరు ప్యాకెట్లు పక్కన పెట్టి, ఇంట్లో బాగా వేడి తగిలే చోట ఉంచి, పదిహేను రోజులకొకటి చొప్పున విప్పి రంగు, వాసన, రుచి రాసుకోండి. వాసనలో మార్పు కనిపించిన రోజుకు ముందు కనీసం మూడవ వంతు కాలం తగ్గించి తేదీ పెట్టండి. ఇది ఇంటి పద్ధతి, ఊరగాయలకు, తేమ ఉన్నవాటికి గుర్తింపు పొందిన ప్రయోగశాలలో పరీక్ష చేయించడమే సరైనది. మూడు నెలల లోపు నిలిచే వాటి మీద రోజు, నెల, సంవత్సరం మూడూ ఉండాలి, అంతకు మించినవాటికి నెల, సంవత్సరం చాలు.

స్టిక్కర్ మీద రాయకూడని మాటలు కూడా ఉన్నాయి. కొర్రల మురుకులు తింటే షుగర్ తగ్గుతుందని, రాగి పిండితో బీపీ పోతుందని రాయడం 2018 ప్రకటనల నిబంధనలకు విరుద్ధం. జబ్బు నయమవుతుందని ఏ తిండి ప్యాకెట్ మీదా చెప్పకూడదు, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టినా అది ప్రకటనే. తప్పుదారి పట్టించే ప్రకటనకు చట్టంలో 10 లక్షల రూపాయల దాకా, లేబుల్ సరిగా లేని సరుకుకు 3 లక్షల దాకా జరిమానా ఉంది. చిన్నవారికి అంత వేస్తారని కాదు, కానీ పరిమితి అంతవరకు ఉందని తెలిసి ఉండాలి. నెయ్యిలో సగం డాల్డా కలిపి ‘నేతి ఓళిగలు’ అనడం కూడా ఈ కోవలోకే వస్తుంది.

తూకం, ధర

ప్యాకెట్ కట్టి అమ్మగానే 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ నియమాలు కూడా వర్తిస్తాయి. అన్ని పన్నులూ కలిసిన గరిష్ఠ ధర, గ్రాముకు లేదా కిలోకు పడే ధర, ఫిర్యాదు చేయడానికి ఫోను నంబరు ప్యాకెట్ మీద ఉండాలి. ప్యాక్ చేయడం మొదలైన 90 రోజుల లోపు తూనికలు కొలతల శాఖ దగ్గర ప్యాకర్‌గా నమోదు కావాలి. ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి ఆ శాఖ ముద్ర వేయించాలి. ఆన్‌లైన్‌లో చవకగా దొరికే వంటింటి కాటాలు ఇందుకు పనికిరావు, కొనేటప్పుడే ముద్ర ఉన్న కాటా అడిగి తీసుకోండి. నికర బరువులో కవరు బరువు, సీసా బరువు చేరవు.

హద్దు దాటి అమ్మితే

ఈ భాగాన్ని మన సరిహద్దు జిల్లాల వారు రెండుసార్లు చదవాలి. సరుకు అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల అమ్మకాల దాకా జీఎస్‌టీ నమోదు అక్కరలేదని అందరూ చెప్తారు, అది నిజమే. అయితే ఆ మినహాయింపు రాష్ట్రం లోపలి అమ్మకాలకే. పన్ను వర్తించే సరుకును వేరే రాష్ట్రానికి అమ్మితే మొత్తం ఎంత తక్కువైనా 2017 జీఎస్‌టీ చట్టం 24వ సెక్షన్ ప్రకారం నమోదు తప్పనిసరి. కర్నూలు నుంచి తుంగభద్ర వంతెన దాటితే తెలంగాణ, గుంతకల్లు నుంచి గంటన్నర ప్రయాణం చేస్తే బళ్ళారి, హిందూపురం నుంచి బెంగళూరు ఎంత దగ్గరో చెప్పనక్కరలేదు. మన పొడులకు, ఊరగాయలకు పెద్ద గిరాకీ బెంగళూరు, హైదరాబాదుల్లో ఉద్యోగాలు చేసే మన పిల్లల దగ్గరే ఉంది. మొదటి కొరియర్ కట్టే ముందే ఒక పన్ను సలహాదారును కలవండి. తేలికగా ఉంటుందని కాంపోజిషన్ పద్ధతి (అమ్మకాల మీద నిర్ణీత శాతం పన్ను కట్టే పద్ధతి) తీసుకున్నవారికి సరుకును వేరే రాష్ట్రానికి అమ్మడానికే వీలుండదు కనుక, ఆ పద్ధతిని ఎంచుకునే ముందు మీ కొనుగోలుదారులు ఎక్కడ ఉన్నారో లెక్క వేసుకోండి.

గ్యాసు, మునిసిపాలిటీ

ఇంటికిచ్చే 14.2 కిలోల సిలిండరును వ్యాపారానికి వాడకూడదు, 19 కిలోల వాణిజ్య సిలిండరు తీసుకోవాలి. దాని ధరతో కలిపి లెక్క వేస్తేనే మీ నిప్పట్ల కిలో అసలు ఎంత పడుతుందో తెలుస్తుంది. ట్రేడ్ లైసెన్సు గురించి మీ మునిసిపల్ కార్యాలయంలో గానీ వార్డు సచివాలయంలో గానీ అడగండి. పిండి మర వంటి పెద్ద మోటారు పెట్టేవారు కరెంటు కనెక్షన్ విభాగం మార్చుకోవాలో లేదో విద్యుత్ శాఖను అడగాలి.

అధికారి వచ్చినప్పుడు

ఆహార భద్రతా అధికారి తనిఖీకి వస్తే కంగారు పడవలసిన పని లేదు. మూడు కాగితాలు చేతికందేలా ఉంచండి. ఒకటి రిజిస్ట్రేషన్ ధ్రువపత్రం, రెండవది సరుకు కొన్న బిల్లుల కట్ట, మూడవది బ్యాచ్ పుస్తకం. ఈ బ్యాచ్ పుస్తకం 200 పేజీల మామూలు నోటుబుక్కే. ఏ రోజు ఏం చేశారు, ఎంత చేశారు, బుడ్డలు ఏ దుకాణానివి, నూనె ఏ ప్యాకెట్టుది, ఆ బ్యాచ్ ఎవరెవరికి వెళ్ళింది అని ఒక్కో బ్యాచ్‌కు నాలుగు వరుసలు రాస్తే చాలు. ఎవరైనా ఒక ప్యాకెట్ బాగాలేదని ఫోను చేస్తే, అదే బ్యాచ్‌లోవి ఇంకా ఎవరి దగ్గర ఉన్నాయో ఈ పుస్తకం చూసి ఆ పూటే వెనక్కి తెప్పించవచ్చు.

అధికారి నమూనా తీసుకుంటే దానికి మామూలు అమ్మకం ధరను ఆయనే మీకు చెల్లించాలి. నమూనాను నాలుగు భాగాలు చేసి సీలు వేస్తారు. ఒక భాగం ఆహార విశ్లేషకుడికి, రెండు భాగాలు జిల్లా స్థాయి అధికారికి వెళ్తాయి. మీరు అడిగితే నాలుగవ భాగాన్ని గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపుతారు. ఆ మాట నమూనా తీసే సమయంలోనే అడగాలి, ఆ పరీక్ష ఖర్చు మీదే. విశ్లేషకుడు 14 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. నివేదిక మీకు వ్యతిరేకంగా వస్తే అది అందిన 30 రోజుల లోపు అప్పీలు చేసుకోవచ్చు. ఆ రోజు మీరు సంతకం పెట్టిన ప్రతి కాగితానికీ నకలు తీసుకుని, బ్యాచ్ పుస్తకంలో అదే బ్యాచ్ పేజీకి పిన్ను కొట్టి ఉంచండి.